మడతజేబు ఎవరిది?

"నా మాలు నాకే నకలంట. ఇట్లాంటి మాట యాడన్నా విన్నావా, డెబోరమ్మా?"

నాగలక్ష్మమ్మ అరవలేదు. బళ్ళారి కౌల్‌బజారులో జీన్స్ షెడ్డు నడిపే ఆడమనిషికి అరుపులతో పని జరగదని ఏనాడో తెలిసిపోయింది. నెమ్మదిగా అడిగింది, అంతే. ఆ నెమ్మదికే సగం మిషన్లు ఆగిపోయాయి.

డెబోరా కుర్చీ లాక్కుని కూర్చుంది. సెంట్రల్ ఎక్సైజులో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, పైవాడు చెప్పినచోట కళ్ళు మూసుకోలేక ఉద్యోగం వాళ్ళ మొహానే కొట్టి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు నకిలీ సరుకు పట్టించడమే వృత్తి. ఎర్రమన్ను, అంటే ఇనుప ఖనిజం, బంగారమైన ఈ నాలుగేళ్ళలో బళ్ళారిలో నకిలీ బేరింగులు, నకిలీ టైర్లు, ఆఖరికి నకిలీ గ్రీజు కూడా దిగబడ్డాయి. అయితే అసలు సరుకు పుట్టించినవాళ్ళనే నకిలీగాళ్ళన్న కేసు ఆమె చేతికి రావడం ఇదే మొదలు.

"మొదట్నించీ చెప్పక్కా," అంది.

సంగతి ఇది. గనుల దారిలో లారీ నడిపేవాడు జేబులో సెల్‌ఫోను పెట్టుకుంటే సాయంత్రానికి దాన్నిండా ఎర్రదుమ్ము. నాలుగు రోజులకు ఫోను చచ్చి ఊరుకుంటుంది. దానికి విరుగుడుగా ఈ షెడ్డులో తొడమీద ఒక జేబు పుట్టింది. దాని మూత రెండు మడతలు పడి తనలోకి తానే దూరి కూర్చుంటుంది. లోపలికి దుమ్ము పోదు, చెయ్యి మాత్రం సులువుగా పోతుంది. మడతజేబు అని డ్రైవర్లే పేరు పెట్టుకున్నారు. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ బస్సులెక్కే కుర్రాళ్ళలో సగంమంది కాళ్ళకు అదే ప్యాంటు. వాళ్ళను చూసి గల్ఫులో పనిచేసే మనవాళ్ళూ కావాలన్నారు. నాగలక్ష్మమ్మ ధైర్యం చేసి మొదటిసారి ఒక కంటైనరు పెట్టె నిండా సరుకు పంపింది. అది గల్ఫు రేవులో దిగీ దిగగానే అక్కడి కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. ఆ జేబు డిజైను ఆ దేశంలో ఇంకొకరి పేరున రిజిస్టరై ఉందట. ఆ ఇంకొకరు జగదీశ్.

"లారీల జగదీశప్పా?"

"ఇంకెవరు? నిన్నమొన్నటిదాకా కురుగోడు నుంచి వడ్లు తోల్తాండె. ఇప్పుడు చైనాకి ఓడలకోడలు మన్ను తోల్తాండాడు. ఆ చైనాలోనే ఎవనితోనో నా జేబు కుట్టించి గల్ఫులో అమ్ముతాండాడు. వానిది అసలంట, నాది నకలంట. గురువారంలోగా రుజువు చూపకుంటే పెట్టెలో ఉండే మాలంతా ముక్కలు ముక్కలు నరికి పారేస్తారంట."

ఆ రోజు సోమవారం. పెట్టె పోతే షెడ్డు పోయినట్టే, అందులో రెండో మాట లేదు. షెడ్డు పోతే ఈ నలభైమంది ఆడవాళ్ళు మళ్ళీ గనుల దగ్గర ఎర్రమన్ను జల్లెడ పట్టుకోవాలి. మిషన్లు ఆపి వింటున్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

"మనం ఈడ చేసుకున్న రిజిస్ట్రేషను ఆడ చెల్లదు ఆంటీ," అంది రోహిణి. నాగలక్ష్మమ్మ ఒక్కగానొక్క కూతురు. బెంగళూరులో చదువుకుని, ఎగుమతి కాగితాలన్నీ తానే చూసుకునే పిల్ల. "ఏ దేశానికి ఆ దేశంలో చేయించాల. అమ్మకి మూడుసార్లు చెప్పినా. ఊళ్ళో పేరుంటే చాలనింది."

"అనినా. తప్పే. ఇప్పుడేం, ముక్కు నేలకి రాయమంటావా?" అంది తల్లి.

డెబోరా వాళ్ళ మధ్య దూరలేదు. ఆమెకు కావలసింది తేదీలు. "మీరు మన దేశంలో అర్జీ ఎప్పుడు పెట్టినారు?"

"డిసెంబరులో."

"జగదీశప్ప ఆడ?"

"నవంబరు ఆఖర్లో," అంది రోహిణి.

"మీ మొదటి లాటు షెడ్డు దాటింది?"

"జనవరిలో."

"అయితే ఈ జేబు బజారుకెక్కక ముందే బయటికి పోయిందక్కా. అప్పటికి చూసినోళ్ళు ఎవరెవరు?"

నాగలక్ష్మమ్మ మొహం నల్లబడింది. "గీసింది నేను. కోసింది, కుట్టింది కరుణమ్మ. శాంపిలు బీరువాలో పెట్టి తాళం కొంగున కట్టుకున్నా. సొంత బిడ్డకి కూడా చూపలేదు."

"నేను నవంబరంతా బెంగళూరులోనే ఉన్నా," అంది రోహిణి. "డిసెంబరులో వచ్చినాకే చూసింది. ఎవరి మీదా చెప్పను ఆంటీ. లెక్క వేస్తే మిగిలేది కరుణమ్మవ్వే."

ఆ మాటకు షెడ్డు చివర ఒక మిషను టకటకమంటూ మళ్ళీ మొదలైంది. కరుణమ్మదే.

*

కరుణమ్మకు అరవై దాటాయి. డెబోరా కుటుంబానిది, ఆమెదీ ఒకే క్రైస్తవ సంఘం. మిషను దొరలనాటి రాతిగుడిలో ఒకే బెంచీ మీద కూర్చుని పాటలు పాడినవాళ్ళు. అలాంటి మనిషిని నిలదీయాలంటే ఎవరికైనా నోరు రాదు. కానీ మొహమాటానికి పోతే పెట్టె దక్కదని డెబోరా గుండె రాయి చేసుకుంది.

"శాంపిళ్ళు ఎన్ని కుట్టినావత్తా?"

"రెండు." దాచలేదు ఆవిడ.

"ఒకటి బీరువాలో ఉండాది. రెండోది?"

"ఇచ్చినా."

"ఎవరికి?"

"ఇయ్యాల్సినోళ్ళకి."

"అమ్ముకున్నావా?"

కరుణమ్మ కళ్ళద్దాలు తీసింది. ఒకవైపు పుల్ల ఊడిపోతే దారం కట్టి ఉంది. "అమ్ముకునేదాన్నయితే ఇవి పెట్టుకోని తిరుగుతానా పాపా?"

"గుడ్డ షెడ్డుదేనా?"

"తునకలు కొనుక్కున్నా. నా కూలిలో పట్టుకున్నారు. కావాలంటే అడుగు."

"మరి ఎవరికిచ్చినావో చెప్పేదానికేంది? ఈ షెడ్డంతా నిన్నే చూస్తాండాది. దొంగ అంటాండారు అత్తా నిన్ను."

"అననీ. ఇచ్చినదాన్ని చాటుకుంటే అది ఇచ్చినట్టు కాదు." ఆవిడ మళ్ళీ అద్దాలు పెట్టుకుని సూదిలోకి దారం ఎక్కించబోయింది. దారం పక్కకు పోయింది. "నువ్వు తవ్వద్దు పాపా. నేను నోరు తెరిస్తే ఒక కొంప రెండు ముక్కలైతాది."

డెబోరాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తప్పు చేసినవాళ్ళు తమ కొంప కోసం భయపడతారు. ఈవిడ భయపడేది ఇంకొకరి కొంప కోసం. ఎవరి కొంప?

ఆమె అప్పటికి ఆ ప్రశ్న పక్కన పెట్టి, కరుణమ్మ బల్లమీదే పని మొదలుపెట్టింది. బీరువాలోని శాంపిలు తెప్పించి పరిచింది. దాని పక్కన జగదీశ్ గల్ఫులో దాఖలు చేసిన ఫోటో పెట్టింది. ఫోటోలో నల్లగచ్చు మీద పరిచిన ప్యాంటు, పక్కనే స్కేలు. భూతద్దం తీసి జేబు మూలలు చూసింది.

"అక్కా, ఈ రాగి రివెట్లు ఎప్పుడొచ్చినాయి?"

"నవంబరు ఆఖర్లో. బీరువాలో శాంపిలుకి అప్పుడే కొట్టించినాం."

"ఫోటోలో దానికి రివెట్లు లేవు. మూలల్లో మూడేసి దారం కుట్లు ఉండాయి." డెబోరా కరుణమ్మ వైపు తిరిగింది. "రివెట్లు రాకముందు నువ్వు వేసింది ఇట్లేనా?"

కరుణమ్మ చేతులు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. అదే జవాబు.

ఫోటోలోది నకలు కాదు. ఈ బల్లమీద పుట్టిన మొదటి ప్యాంటే. ఎంత గుండెధైర్యం ఉండాలి, అవతలివాళ్ళు కుట్టిన గుడ్డనే ఫోటో తీసి తమ డిజైనని దాఖలు చెయ్యడానికి! డెబోరాకు ఒళ్ళు మండింది. భూతద్దం నడుము పట్టీ మీదికి జరిపింది. అక్కడ ఒక గుండుసూది, దానికి చిక్కి చిరిగిపోయిన కాగితం ముక్క. గోరంత కూడా లేదు. ఎవరైనా చెత్త అనుకుని వదిలేస్తారు. ఆ ముక్కకు ఆకుపచ్చ అంచు ఉంది.

ఆ అంచు ఆమెకు తెలుసు. చిన్నప్పటినుంచీ ప్రతినెలా ఆ అంచున్న కవరులోనే కానుక వేసి గుడి సంచిలో పడేస్తోంది. మిగిలిపోయిన కవర్లను సంఘపెద్దలు పారెయ్యరు. ముక్కలు చేసి, అంకెలు రాసి, కోతపండుగనాడు వచ్చిన కానుకలకు గుండుసూదితో గుచ్చుతారు.

కోతపండుగంటే మిషను సంఘాలవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎవరి చేతికష్టంలో మొదటి ఫలం వాళ్ళు దేవుడికి తెస్తారు. జొన్న కంకులు, వేరుశనగ, కోడిపుంజు, గుమ్మడికాయ. ఆరాధన అయ్యాక గుడి ముందే వేలం పాట. కరుణమ్మకు తోరణగల్లు పక్క చేనున్న రోజుల్లో మొదటి వేరుశనగ బుట్ట తెచ్చేది. ఆ చేను గని గుంటలో కలిసిపోయింది. చేను పోయినా మొక్కు పోలేదు. ఇప్పుడు ఆమె చేతికష్టం గుడ్డమీద కుట్టు. అందుకని మొదటి కుట్టు దేవుడికి తెచ్చింది. అది వేలంలోకి పోతుందని, కొన్నవాడు లోకానికంతా చూపుకోవచ్చని ఆ పిచ్చితల్లికి తట్టనే లేదు.

ఆ ఏడు డెబోరా పండుగకు పోలేదు. హుబ్బళ్ళిలో నకిలీ బేరింగుల గోడౌను ముందు కాపలా కాసింది. పోయి ఉంటే ఈ కేసు పుట్టేదే కాదని తనను తానే తిట్టుకుంది.

*

"ఏమ్మా డెబోరమ్మా, గుడ్డలు మడతపెట్టే పనికి దిగినావా?"

గుమ్మంలో కోదండరామి. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టినవాడు. గనుల యజమానులందరికీ ఆంతరంగికుడు. డెబోరా పట్టించిన మూడు నకిలీ గోడౌన్లలో రెంటిని మళ్ళీ తెరిపించిన ఘనత ఈయనదే. ఈ కేసులో జగదీశ్ తరఫు.

"నీ పనికంటే మేలే కోదండరామప్పా. గుడ్డ మడిస్తే మురికి దాగదు," అంది డెబోరా.

ఆయన నవ్వి, నాగలక్ష్మమ్మ ముందు ఒక కాగితం పరిచాడు. "సుమ్నె గొడవ బేడ తల్లీ, ఊరికే ఎందుకు? మా జగదీశప్ప రాక్షసుడేం కాదు. జేబు ఆయనదని సంతకం పెట్టు, ఆయన పర్మిషన్ ఇస్తాడు, ఈ పొద్దే పెట్టె వదిలిపెడ్తారు. ఆడోళ్ళ పనీ పోదు. ఇకమీదట ఆయన పేరు మీద కుడతారు, అంతే కదా."

"నా జేబు నేను కుట్టేదానికి వాని పర్మిషనా?" అంది నాగలక్ష్మమ్మ.

"ఆడ రిజిస్ట్రేషను ఆయనది. చట్టం ఆయన పక్క ఉండాది."

డెబోరా మధ్యలోకి వచ్చింది. ఈ మనిషిని బతిమాలితే బిగుస్తాడు, పొగిడితే జాగ్రత్త పడతాడు. యజమానిని తిడితే మాత్రం ఆగలేడని ఆమెకు పాత అనుభవం. "దొంగకి చట్టం పక్కనుంటాదా అప్పా? ముసలామె కుట్టిన గుడ్డ ఎత్తుకపోయి తన డిజైననేవాణ్ణి మీ పోలీసు భాషలో ఏమంటారు?"

కోదండరామి మీసం కదిలింది. "నోరు జాగ్రత్త. ఎత్తుకపోయేది లేదు. నలుగురి ముందర, టీవీ కెమెరా ముందర, వేలం పాట పాడి కొన్న వస్తువు అది. ఆయన దుడ్డు, ఆయన వస్తువు."

"వస్తువు కొంటే డిజైను కూడా నీదైతాదా? బజారులో కోడిని కొంటే కోడిని పుట్టించినోడివి నువ్వైతావా?"

షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. కోదండరామి మాత్రం కాగితాన్ని బల్లమీదే వదిలేసి, కండువా సర్దుకున్నాడు. "సాయంత్రం దాకా టైముంది. ఆలోచించుకోండి," అని వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళలో కోపం కనిపించకపోవడం డెబోరాకు నచ్చలేదు. దాని గురించి ఆగి ఆలోచించేంత వ్యవధి లేదు.

"టీవీ కెమెరా అన్నాడు విన్నావా అక్కా? అత్త ఆ మొదటి ప్యాంటు గుడికిచ్చింది. కోతపండుగ వేలం పాటకి కేబులు వాళ్ళని జగదీశే పిలిపించుకొని ఉంటాడు. గుడికి దానం చేస్తాండానని ఊరంతా చూడాలి కదా. మన రుజువు వాళ్ళ దగ్గర ఉండాది. పద."

"కారు నేను తీస్తా," అంది రోహిణి.

కారులో నాగలక్ష్మమ్మ నాలుగుసార్లు అడిగింది, ఆ టేపు దొరికితే మనం గెలిచినట్టేనా అని. డెబోరా ఊ అందే కానీ, సగం మాట మింగేసింది. ఆ టేపుకు రెండు వైపులా పదునుందని ఆమెకు అప్పటికే అనుమానం. పైగా ఇంకొక ప్రశ్న బుర్రలో తొలుస్తోంది. మన్ను అమ్ముకునే జగదీశ్‌కు ఒక కుట్టుప్యాంటు విలువ ఏం తెలుసు? కంకుల మధ్య, కోళ్ళ మధ్య పడి ఉన్న దాన్ని ఏరుకోమని ఎవరో చెప్పి ఉండాలి. ఒక కొంప రెండు ముక్కలన్న కరుణమ్మ మాట గుర్తొచ్చింది. చెప్పినవాళ్ళు ముందున్న సీట్లో స్టీరింగు పట్టుకుని ఉన్నారేమో అన్న ఊహ ఆమెకు చేదుగా తోచింది.

*

కేబులు ఆఫీసు నడిపే టోనీ టేపులన్నీ దుమ్ము దులిపి వరసగా పేర్చుకున్నాడు. "పండుగ టేపా అక్కా? ఉండాది. జగదీశప్ప అయితే వారం రోజులు వేయించినాడు అదే. జనాలకి విసుగొచ్చి నన్ను తిట్టినారు," అంటూ టేపు పెట్టాడు.

తెర మూలన తేదీ వెలిగింది. నవంబరు రెండో ఆదివారం. గుడి ముందు చెరకుగడల పందిరి, బల్లనిండా కానుకలు. వేలం పాడించేవాడు ఒక ప్యాంటు ఎత్తి జేబు మూత మడిచి, తెరిచి చూపించాడు. జనం నవ్వారు. తర్వాత బొట్టుతో, బంగారు గొలుసుతో జగదీశ్ ముందుకు వచ్చి అదే ప్యాంటును రెండు చేతులా తలపైకి ఎత్తి కెమెరా వైపు తిరిగాడు. జేబు, మూడేసి దారం కుట్లు, గుండుసూదికి వేలాడే ఆకుపచ్చ అంచు చీటీ అన్నీ స్పష్టంగా కనిపించాయి. వెనక వరసలో చేతులు కట్టుకుని నిల్చున్న కరుణమ్మ కూడా.

నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దేవునికిచ్చిందంట. నేనా తల్లిని దొంగ అనుకుంటినే," అంది.

"చాలు ఆంటీ, ఇది చాలు," అంది రోహిణి. "ఆపేయ్ టోనీ. పంపిద్దాం."

"ఆపద్దు."

కోదండరామి లోపలికి వచ్చి, అడగకుండానే కుర్చీలో కూర్చున్నాడు. తాను నోరు జారాడని డెబోరా అనుకున్నది తప్పు. ఆయన నోరు జారలేదు, వాళ్ళను ఇక్కడికి నడిపించాడు.

"టేపు బాగుండాది," అన్నాడు. "గల్ఫులో చూపితే మావాని రిజిస్ట్రేషను పోతాది, హౌదు, నిజమే. అర్జీ పెట్టకముందే నలుగురు చూసిన జేబు కొత్తది కాదు. మరి నాగలక్ష్మమ్మా, నీ అర్జీ ఎప్పటిది? డిసెంబరు. నవంబరులోనే నలుగురు చూసినారు కదా. అంటే నీదీ పోతాది. ఇద్దరమూ మునుగుతాం. దానికన్నా నా కాగితం మీద సంతకం మేలు కాదా?"

నాగలక్ష్మమ్మ డెబోరా వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే అక్కా. జేబుమీద హక్కు ఎవరికీ ఉండదు."

"అంటే రేపట్నించి బళ్ళారిలో ప్రతి షెడ్డూ మడతజేబు కుట్టచ్చు."

"కుట్టచ్చు."

"చైనావాడు కూడా?"

"వాడు కూడా. నీ పెట్టె మాత్రం ఎవరూ పట్టుకోలేరు."

నాగలక్ష్మమ్మ తెర వైపు చూసింది. టోనీ ఆపిన బొమ్మలో జగదీశ్ ఇంకా ప్యాంటు ఎత్తి నిలబడే ఉన్నాడు. తర్వాత ఆమె కొంగు దులిపి భుజాన వేసుకుంది.

"కుట్టనీప్పా. ఊరంతా కుట్టనీ. వాళ్ళది, మాది పక్కపక్కన పెట్టి డ్రైవర్లనే ఏరుకోమను. హక్కు పోతే పోనీ. నాది నకలన్న మాట మాత్రం ఈ భూమ్మీద ఏ రేవులోనూ ఉండకూడదు. వాని పర్మిషనుతో బతికేదానికంటే నలుగురితో పోటీపడి బతుకుతా."

డెబోరాకు లేచి ఆమెను కావలించుకోవాలనిపించింది. కానీ కోదండరామి చలించలేదు. ఆయన దగ్గర ఇంకొక ముక్క మిగిలి ఉందని అప్పుడు అర్థమైంది.

"టోనీ, కొంచెం వెనక్కి పోనీ. పాట మొదలు కాకముందుకి."

"వద్దు," అంది రోహిణి. ఆ మాట మరీ తొందరగా వచ్చింది.

టేపు వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది. జగదీశ్ కుర్చీలో కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. కానుకల వైపు చూడనే లేదు. తలమీద చున్నీ కప్పుకున్న ఒక అమ్మాయి వెనకనుంచి వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది, బల్లమీది ప్యాంటు వైపు వేలు చూపించింది. చున్నీ జారింది. సర్దుకుంటూ ఆ పిల్ల కెమెరా వైపు తిరిగింది.

టోనీ చెయ్యి బటను మీదే ఉండిపోయింది. నాగలక్ష్మమ్మ మాత్రం కూతురి వైపు చూడలేదు. తెర మీది కూతురినే చూస్తోంది. నవంబరంతా బెంగళూరులో ఉన్న కూతురిని.

"నేను దొంగతనం చేయలేదమ్మా." రోహిణి గొంతులో వణుకు లేదు. "మొదటిది గుడికిస్తాండానని కరుణమ్మవ్వ ఫోనులో చెప్పింది. నువ్వు బీరువా తాళం కొంగున కట్టుకోని నాక్కూడా చూపకపోతివి. బయటి దేశంలో రిజిస్టరు చేద్దామంటే చాలు పో అంటివి. నువ్వు పారేసుకున్నది నేను ఏరుకున్నా. జగదీశన్న గల్ఫు కంపెనీలో నాకు భాగం ఇస్తానన్నాడు. నీ షెడ్డులో నేనెవరు? కాగితాలు రాసే గుమాస్తాని."

"ఇంకా ఉండాది తల్లీ, అది కూడా చెప్పు," అన్నాడు కోదండరామి. ఆమె కోసం ఆగకుండా తానే అందుకున్నాడు. "గల్ఫు అర్జీలో ఈ జేబు సృష్టించినోళ్ళ పేరని ఒకటి రాయాల. జగదీశప్ప పేరు కాదు అది. రోహిణి. నా సొంత ఆలోచన అని ప్రమాణం చేసి సంతకం పెట్టింది. టేపు ఆ కోర్టుకి చేరిందంటే అది తప్పుడు ప్రమాణం. ఆ దేశంలో దానికి జైలు. జగదీశప్ప ఏమంటాడు? పిల్ల నన్ను మోసం చేసిందంటాడు, చేతులు కడుక్కుంటాడు."

అప్పుడు రోహిణి మొహంలో రంగు పోయింది. జగదీశ్ తనను ముందు నిలబెట్టి వెనక దాక్కున్నాడని ఆ పిల్లకు అప్పుడే తెలిసినట్టుంది.

"అక్కా," అన్నాడు టోనీ నెమ్మదిగా, "పాప కనపడేది కోసేసి ఇస్తా. ఎవరికీ తెలీదు."

డెబోరా తల అడ్డంగా ఊపింది. చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు, అయినా చెప్పింది. "కోసిన టేపు కోర్టు ఒప్పదు టోనీ. మొదట్నించి చివరిదాకా ఉంటేనే."

కోదండరామి జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. సంతకం కాగితం మళ్ళీ పరిచాడు. "ఆ పిల్ల నీ కడుపున పుట్టిన బిడ్డ, నాగలక్ష్మమ్మా. పెట్టెడు గుడ్డ కోసం బిడ్డని జైలుకి పంపుతావా?"

నాగలక్ష్మమ్మ పెన్ను అందుకుంది. తల్లి కదా, ఎవరు మాత్రం ఆమెను తప్పు పడతారు అనుకుంది డెబోరా. నాగలక్ష్మమ్మ ఆ పెన్నుతోనే కాగితం మీద ఈ చివరినుంచి ఆ చివరికి గీత కొట్టి, ఆయన చేతిలో పెట్టింది. తర్వాత కూతురి దగ్గరకు పోయి, చెదిరిన జుట్టును చెవి వెనక్కి తోసింది.

"గుడ్డ కోసం కాదప్పా. కరుణమ్మ కుట్టినదాన్ని, నేను గీసినదాన్ని తనదని ఇది ప్రమాణం చేసింది. ఆ అబద్ధంతో నా షెడ్డు బతికితే నలభై మంది మొహం నేను చూడలేను." ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "దీనికి బళ్ళారిలో కాదు, బెంగళూరులోనే పెద్ద లాయర్ని నేను పెడతా. ఒంటిమీది బంగారం అమ్మైనా పెడతా. జగదీశు చేతులు కడుక్కోకుండా వానిని కూడా ఈడుస్తా. టేపు మాత్రం మొత్తం పంపు, డెబోరమ్మా. ఒక్క ముక్క కోయద్దు."